డచెస్ ఆఫ్ కింగ్‌స్టన్ కేసు చదవాలంటే: ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సమీక్ష

1776 ఏప్రిల్‌లో లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో ఒక డచెస్, అంటే డ్యూక్ భార్య, బోనెక్కింది. మొదటి భర్త బతికుండగానే ఇంకో పెళ్ళి చేసుకుందన్నది ఆరోపణ. కేసు విన్నది మామూలు జ్యూరీ కాదు, పార్లమెంటులోని ప్రభువుల సభ. ఆవిడ పేరు ఎలిజబెత్ చడ్లీ. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆమె గురించి రాస్తూనే ఉన్నారు, ఆ రాతల్లో పుకార్లకు కొదవ లేదు. సాక్షులు నిజంగా ఏం చెప్పారో సొంతంగా చదువుకోవాలనుకునేవాళ్ళకి పైసా ఖర్చు లేకుండా దొరికే మొదటి చోటు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం. కాపీరైట్ తీరిన పుస్తకాలు చదవడానికి అకౌంట్ కూడా అక్కర్లేదు.

మార్కులు ముందే చెప్పేస్తే, సరుకుకి అయిదుకి అయిదు. వెతుకులాటకి రెండు. దొరికినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పడంలో సున్నా. కోర్టు రికార్డునీ, ఆవిడ పోయాక ఎవరో పేరు లేకుండా అచ్చేసి అమ్ముకున్న జీవితకథనీ ఒకే వరసలో, ఒకే సైజు అట్టబొమ్మతో చూపిస్తుంది. ఏది ఏమిటో తేల్చుకోవడం చదివేవాళ్ళ పని. అందుకే ఈ సమీక్షలో సగం ఆ తేల్చుకోవడం గురించే.

వెతకడం మొదలుపెట్టే ముందు కుటుంబాల సంగతి కొంత తెలిసుండాలి, లేకపోతే ఏ పేరుతో వెతకాలో తెలియదు. చడ్లీలు డెవన్‌లోని ఆష్టన్‌కి చెందిన బారొనెట్ వంశం. ఎలిజబెత్ తండ్రి కల్నల్ థామస్ చడ్లీ చెల్సీలోని రాయల్ హాస్పిటల్‌కి లెఫ్టినెంట్ గవర్నరు. 1726లో పోయాడు. వంశానికి పేరుంది, తల్లీకూతుళ్ళ చేతిలో డబ్బు లేదు. 1743లో ఎలిజబెత్‌కి వేల్స్ యువరాణి అగస్టా దగ్గర మెయిడ్ ఆఫ్ ఆనర్, అంటే పెళ్ళికాని చెలికత్తె, కొలువు దొరికింది. పెళ్ళయితే ఆ కొలువు పోతుంది. ఈ ఒక్క నియమం గుర్తుంచుకుంటే తర్వాతి గొడవంతా అర్థమవుతుంది. 1744 ఆగస్టు 4 రాత్రి హాంప్‌షైర్‌లోని లెయిన్‌స్టన్‌లో, నౌకాదళంలో లెఫ్టినెంటుగా ఉన్న ఆగస్టస్ జాన్ హార్వేని ఎవరికీ తెలియకుండా చేసుకుంది. అతను ఎర్ల్ ఆఫ్ బ్రిస్టల్ మనవడే గానీ అన్న ఉన్నాడు కాబట్టి బిరుదు తనదాకా వస్తుందన్న భరోసా లేదు. 1747లో ఒక కొడుకు పుట్టి పసితనంలోనే పోయాడు. మొగుడూపెళ్ళాలకి పడలేదు. తర్వాత ఆమె రెండో డ్యూక్ ఆఫ్ కింగ్‌స్టన్ ఈవ్‌లిన్ పియర్‌పాంట్‌కి దగ్గరైంది. 1769 ఫిబ్రవరిలో చర్చి కోర్టు ఆమెని అవివాహితగా తేల్చింది. మార్చి 8న డ్యూక్‌తో పెళ్ళి. 1773లో డ్యూక్ పోతూ ఆస్తి ఆమెకి రాశాడు. వీలునామాలో ఆస్తి తనకి దక్కకపోయేసరికి డ్యూక్ మేనల్లుడు ఈవ్‌లిన్ మెడోస్ ఆ పాత పెళ్ళిని తవ్వి తీశాడు.

విచారణ పాఠం ముఖ్యంగా రెండు రూపాల్లో ఉంది. ఒకటి ప్రభువుల సభ ఆజ్ఞతో 1776లోనే అచ్చయిన పెద్ద సైజు పుస్తకం. రెండోది హౌవెల్ సంపాదకత్వంలో వచ్చిన స్టేట్ ట్రయల్స్ సంపుటాల్లో 20వది, అచ్చయింది 1814లో. చూడ్డానికి మొదటిది అందంగా ఉంటుంది. పని జరగాలంటే రెండోదే తెరవండి. కారణం అచ్చుది. 18వ శతాబ్దం చివరిదాకా ఇంగ్లిష్ ముద్రణలో పదం మొదట్లో, మధ్యలో వచ్చే 'ఎస్' అక్షరం పొడుగ్గా, 'ఎఫ్'ని పోలి ఉండేది. స్కాన్‌ని అక్షరాలుగా మార్చే ఓసీఆర్ దాన్ని 'ఎఫ్' గానే చదువుతుంది. దాంతో కింగ్‌స్టన్ కాస్తా 'కింగ్‌ఫ్టన్' అవుతుంది, బ్రిస్టల్ 'బ్రిఫ్టల్' అవుతుంది. 1776 ప్రతిలో మామూలు స్పెల్లింగుతో వెతికితే పుస్తకం నిండా ఉన్న పేరు కూడా దొరకదు. 1814 నాటికి ఆ పొడుగు 'ఎస్' వాడుక పోయింది కాబట్టి హౌవెల్ ప్రతిలో వెతుకులాట చాలావరకు సవ్యంగా నడుస్తుంది. 1776 ప్రతిలోనే వెతకక తప్పకపోతే 'ఎస్' ఉన్నచోట 'ఎఫ్' పెట్టి ఇంకోసారి ప్రయత్నించండి. లేదా 'ఎస్' అసలు లేని పదాలు, అంటే చడ్లీ, హార్వే లాంటివి వాడండి.

హౌవెల్‌తో వచ్చే చిక్కు వేరు. ఆ సంపుటాల్లో పేజీ నంబర్లు ఉండవు, కాలమ్ నంబర్లు ఉంటాయి. ఒక్కో పేజీకి రెండు కాలమ్‌లు, రెండిటికీ వేర్వేరు అంకెలు. లా పుస్తకాల్లో ఈ కేసుని '20 స్టేట్ ట్రయల్స్ 355' అని రాస్తారు. అంటే 20వ సంపుటం, 355వ కాలమ్. ఆర్కైవ్ రీడర్‌లో, అంటే సైట్లోనే పుస్తకం చదివే తెరలో, 355వ బొమ్మకి వెళ్తే కేసు ఎప్పుడో దాటిపోతారు. కాలమ్ అంకెని రెండుతో భాగించి, ముందుమాట, విషయసూచిక పేజీలు కొన్ని కలుపుకుని వెళ్ళాలి. రీడర్ కింద కనిపించే అంకె పుస్తకంలోది కాకపోవచ్చు. లింకులో 'ఎన్' తర్వాత వచ్చే సంఖ్య స్కాన్ బొమ్మది, అచ్చు పేజీది కాదు. నోట్సు రాసుకునేవాళ్ళు కాలమ్ అంకెలే రాసుకోండి. స్కాన్ మారినా అవి మారవు. అన్నట్టు, ఇంగ్లండ్ గడ్డ మీద బానిసల స్థితి గురించిన ప్రసిద్ధ సోమర్సెట్ కేసు కూడా ఈ సంపుటంలోనే, మొట్టమొదటి కాలమ్ నుంచే ఉంది. సరైన సంపుటం తెరిచారో లేదో పోల్చుకోవడానికి అదో గుర్తు.

ఆ సరైన సంపుటం పట్టుకోవడమే పెద్ద పని. బహుళ సంపుటాల సెట్ల విషయంలో ఆర్కైవ్ క్యాటలాగు గందరగోళంగా ఉంటుంది. పేరులో సంపుటం నంబరు ఉండదు. సంవత్సరం స్థానంలో సెట్ మొదలైన ఏడాదో, ఇంకేదో పడి ఉంటుంది. కాబట్టి ఎడమవైపున్న సంవత్సరం ఫిల్టర్‌ని నమ్ముకోకండి, అది పెట్టగానే మీకు కావలసిన ప్రతే జాబితాలోంచి ఎగిరిపోవచ్చు. మీడియా రకం దగ్గర టెక్స్ట్‌లు అని మాత్రం ఎంచుకోండి. ఒక్కొక్కటీ తెరిచి శీర్షిక పేజీ కళ్ళతో చూసుకోవడమే నమ్మకమైన దారి. ఒకే సంపుటానికి రెండు మూడు స్కాన్లు కనిపిస్తే, ఐటమ్ గుర్తింపు పేరు చివర 'గూగ్' అని ఉన్నవి గూగుల్ స్కాన్ల నుంచి వచ్చినవి. నలుపు తెలుపుల్లో ఉంటాయి, మడత కాగితాలు విప్పకుండా తీసినవి ఉంటాయి, అక్కడక్కడ స్కాన్ చేసినవాళ్ళ వేళ్ళూ కనిపిస్తాయి. ఆర్కైవ్ సొంతంగా తీసినవి రంగుల్లో, శుభ్రంగా ఉంటాయి. రెండూ ఉంటే రెండోదే.

వెతికే పెట్టె కింద రెండు ముఖ్యమైన దారులు ఉంటాయి. మెటాడేటాలో (పుస్తకం గురించిన వివరాల్లో) వెతకడం, పుస్తకం లోపలి పాఠంలో వెతకడం. మామూలుగా ఉండేది మొదటిది. అది పుస్తకం పేరు, రచయిత, వివరాలు మాత్రమే చూస్తుంది. హౌవెల్ సంపుటం వివరాల్లో చడ్లీ పేరు ఉంటుందన్న హామీ లేదు. లోపలి పాఠం ఎంచుకుని, పదబంధాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి.

పేర్ల దగ్గర మన చెవి మనల్నే మోసం చేస్తుంది. హార్వే అని పలుకుతారు గానీ, ఈ కుటుంబం రాసుకునేది హెచ్ తర్వాత 'ఇ' తో. 'ఎ' తో రాస్తే రక్తప్రసరణ కనిపెట్టిన వైద్యుడు విలియం హార్వే వచ్చిపడతాడు. చడ్లీ చివర పలకని 'జి, హెచ్' ఉన్నాయి. ఇక బిరుదులు. ఆమె ఒక్కతే, పేర్లు నాలుగు: మిస్ చడ్లీ, మిసెస్ హార్వే, డచెస్ ఆఫ్ కింగ్‌స్టన్, కౌంటెస్ ఆఫ్ బ్రిస్టల్. ఆఖరుది ఎలా వచ్చిందంటే, 1775లో అన్న పోవడంతో హార్వే మూడో ఎర్ల్ ఆఫ్ బ్రిస్టల్ అయ్యాడు. కాబట్టి రెండో పెళ్ళి చెల్లితే ఆమె డచెస్, చెల్లకపోతే ఎర్ల్ భార్యగా కౌంటెస్. ఎటు తిప్పినా ప్రభువంశపు ఆడదే, అందుకే విచారణ ప్రభువుల సభలోనే. ఒట్టి 'కౌంటెస్ ఆఫ్ బ్రిస్టల్' అని వెతికితే అదే బిరుదున్న వేరే ఆడవాళ్ళు కూడా వస్తారు. పక్కన 1776 గానీ, 'బైగమీ' (ఒక పెళ్ళి ఉండగా ఇంకో పెళ్ళి చేసుకునే నేరం) అన్న మాట గానీ చేర్చండి. పుట్టిన ఏడాది ఒకచోట 1720 అనీ ఇంకోచోట 1721 అనీ కనిపిస్తే కంగారుపడకండి. 1752కి ముందు ఇంగ్లండ్‌లో చట్టప్రకారం కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. జనవరి నుంచి ఆ తేదీ దాకా ఉన్న రోజులకి పాత పుస్తకాల్లో రెండు సంవత్సరాలు తగులుతూనే ఉంటాయి.

ఇప్పుడు అసలు సరుకు. విచారణ 1776 ఏప్రిల్ 15న మొదలై 22న ముగిసింది. అధ్యక్షత లార్డ్ హై స్టీవార్డ్ హోదాలో ఎర్ల్ బాథర్స్ట్‌ది. ప్రాసిక్యూషన్ వైపు అటార్నీ జనరల్ థర్లో, సొలిసిటర్ జనరల్ వెడర్‌బర్న్, డన్నింగ్. మొదటినుంచి వరసగా చదవాలని కూర్చుంటే చాలామంది మధ్యలోనే మానేస్తారు. మొదటి రోజులన్నీ ఒకే ఒక్క న్యాయప్రశ్న మీద లాయర్ల వాదన. 1769 చర్చి కోర్టు తీర్పు ఉండగా ఈ కేసు అసలు నడవొచ్చా, నడవకూడదా? ఆ తీర్పు ఎలా వచ్చిందో తెలిస్తే వాదన రుచిస్తుంది. ఆమె వేసింది జాక్టిటేషన్ దావా. అంటే, ఫలానా మనిషి నా భర్తనని ఊరికే చెప్పుకు తిరుగుతున్నాడు, నోరు మూయించండి అని అడగడం. హార్వే పెళ్ళిని నిరూపించాలి. అతను నిరూపించలేకపోయాడు, నిజానికి నిరూపించాలని అనుకోనూ లేదు. ఇద్దరికీ విడిపోవడమే కావాలి. చర్చి కోర్టు పూర్తి విడాకులు ఇవ్వలేదు, పార్లమెంటులో ప్రత్యేక చట్టం తెచ్చుకుంటే తప్ప మళ్ళీ పెళ్ళి కుదరదు, దానికి వ్యభిచారం రుజువు కావాలి. అంత రచ్చ లేకుండా అడ్డదారిగా ఈ దావా.

ప్రభువులు న్యాయమూర్తుల సలహా అడిగారు. ముఖ్య న్యాయమూర్తి డి గ్రే అందరి తరఫునా అభిప్రాయం చదివాడు. చర్చి కోర్టు తీర్పు ఇద్దరి మధ్య దావాది, రాజు తరఫున నడిచే క్రిమినల్ కేసుని అది కట్టిపడేయదు. ఒకవేళ కట్టిపడేస్తుందనుకున్నా, కుమ్మక్కై మోసంతో తెచ్చుకున్న తీర్పని చూపించి దాన్ని కొట్టేయించవచ్చు. ఇంగ్లిష్ న్యాయపద్ధతి పాకిన దేశాల్లో లాయర్లు ఈ కేసుని ఇప్పటికీ ఉటంకించేది ఈ కొద్ది పేజీల కోసమే. కథ కోసం వచ్చినవాళ్ళు కూడా వీటిని వదలకండి.

సాక్షులు ఆ తర్వాతే వస్తారు. రీడర్ లోపలి వెతుకులాటలో 'క్రాడక్' అని కొడితే నేరుగా ఆన్ క్రాడక్ సాక్ష్యం దగ్గర దిగుతారు. ఆమె పెళ్ళికూతురి దగ్గరి బంధువు మిసెస్ హాన్మర్ దగ్గర పనిచేసిన మనిషి. చర్చిలో జరిగింది చూసి, బతికుండి, వచ్చి చెప్పింది ఈమే. రాత్రిపూట, ఇంటి పక్కనున్న చిన్న చర్చి, పాస్టరు ఏమిస్, గుప్పెడుమంది మనుషులు, వెలుగుకి మౌంటెనే అనే ఆయన టోపీలో నిలబెట్టిన ఒక కొవ్వొత్తి. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు, మధ్యలో ఎవరి వ్యాఖ్యానమూ లేదు. ఆమెకి ఏమైనా ముట్టిందా, ఎవరైనా ఏదైనా ఇస్తామన్నారా అని డిఫెన్స్ గుచ్చిగుచ్చి అడిగిన తీరు కూడా చదవాలి, ఆ సాక్ష్యంలో మెత్తని చోటు ఎక్కడో అక్కడే తెలుస్తుంది. తర్వాత సర్జన్ సీజర్ హాకిన్స్. వైద్యుడిగా తెలిసిన రహస్యాలు చెప్పాలా అని అడిగాడు. చెప్పాల్సిందేనని న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తేల్చాడు. వైద్యుడికి కోర్టులో ఆ మినహాయింపు లేదన్న సూత్రానికి ఇదే మూలం. లార్డ్ బారింగ్‌టన్ కూడా నమ్మకం మీద విన్న మాట బయటపెట్టడానికి మొరాయించాడు.

పుకారుని రికార్డుతో సరిచూసుకోవడానికి పెళ్ళి రిజిస్టరు సంగతి మంచి పరీక్ష. పాత జీవితకథల్లో ఒక ఘట్టం కనిపిస్తుంది: ఆమె లెయిన్‌స్టన్ వెళ్ళి, పాస్టరుని మాటల్లో పెట్టి, తన పెళ్ళి రాసున్న కాగితాన్ని చింపేసిందని. రికార్డు చెప్పేది దానికి పూర్తిగా తలకిందులు. 1744లో ఆ పెళ్ళిని ఎక్కడా రాయనే లేదు. 1759లో హార్వే అన్నకి జబ్బు చేసి, హార్వేకి ఎర్ల్ బిరుదు వచ్చేలా కనిపించినప్పుడు ఆమే వించెస్టర్ వెళ్ళి, మంచం మీదున్న ఏమిస్ చేత పాత తేదీతో రిజిస్టర్లో రాయించుకుంది. కౌంటెస్ అయ్యే అవకాశం పోకూడదని చేయించుకున్న ఆ రాతే పదిహేడేళ్ళ తర్వాత ప్రభువుల ముందు ఆమె మీదికే వచ్చింది. ఏమిస్ భార్య వచ్చి సాక్ష్యం చెప్పింది. ఆర్కైవ్‌లో దొరికే ఏ జీవితకథనైనా ముందు ఈ రిజిస్టరు దగ్గర తెరవండి. కాగితం చింపిందని రాసుంటే దాన్ని వినోదానికి మాత్రమే చదవండి. డ్యూక్ ఆఫ్ హామిల్టన్ ఆమెకి రాసిన ప్రేమలేఖలు మిసెస్ హాన్మర్ దాచేసిందన్న కథ కూడా పుస్తకం నుంచి పుస్తకానికి ఎక్కుతూ వచ్చినదే. ఆ కాలపు రచయిత హోరేస్ వాల్పోల్ ఉత్తరాలు చదవడానికి భలే ఉంటాయి, కానీ ఆయనకి ఈవిడంటే గిట్టదు. విచారణకి వెళ్ళి చూసొచ్చిన రచయిత్రి హన్నా మోర్ ఉత్తరాలు హాలు వాతావరణం వరకు పనికొస్తాయి.

22వ తేదీన ఆమె సొంత వాదన, తీర్పు. ప్రభువులు వరసగా లేచి దోషి అన్నారు. డ్యూక్ ఆఫ్ న్యూకాజిల్ ఒక్కడు మాత్రం పొరపాటేగానీ ఉద్దేశపూర్వకం కాదని చేర్చాడు. శిక్ష చేతి మీద వాత. ప్రభువంశపు హక్కు చెప్పుకుని అది తప్పించుకుంది, ఫీజులు కట్టి బయటపడి, ఫ్రాన్స్‌లోని కాలే రేవుకి వెళ్ళిపోయింది.

దించుకునేటప్పుడు పీడీఎఫ్ తీసుకోండి. ఈపబ్ (ఈ-బుక్ ఫైలు) జోలికి వెళ్ళకండి. అది ఓసీఆర్ నుంచి యంత్రం తయారుచేసినది, పైగా రెండు కాలమ్‌ల పుస్తకంలో ఎడమ వరస మధ్యలో కుడి వరస వాక్యం దూరి, ఎవరి ప్రశ్నకి ఎవరు జవాబు చెబుతున్నారో తెలియకుండా పోతుంది. టెక్స్ట్ ఫైలు వెతుక్కోవడానికి బాగుంటుంది, ఉటంకించడానికి వద్దు. జేపీ2 బొమ్మల జిప్ చాలా పెద్దది, ముద్రణకి నాణ్యమైన బొమ్మ కావాలంటే తప్ప అక్కర్లేదు.

ఇటీవలి జీవితచరిత్రల కోసం మాత్రం ఆర్కైవ్ మీద ఆశ పెట్టుకోకండి. వాటిని గంటకో పద్నాలుగు రోజులకో అరువివ్వడం ఉంది, అకౌంట్ కావాలి. అయితే ప్రచురణకర్తలు వేసిన దావాలో ఆర్కైవ్ 2023లో ఓడింది, 2024 సెప్టెంబరులో అప్పీలూ పోయింది. అయిదు లక్షలకి పైగా పుస్తకాలు అరువు జాబితాలోంచి తీసేశారు. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి సుమారు 3.1 కోట్ల అకౌంట్ల వివరాలు బయటికి పొక్కాయి, సైటు రోజుల తరబడి ఆగింది. అకౌంట్ తీసుకుంటే ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి. పనికొచ్చే పుస్తకం కనబడ్డ రోజే దించి దాచుకోండి.

పక్కన ఇంకేం తెరిచి పెట్టుకోవాలి? సంపుటాల లెక్క విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు కలిసి నడిపే హాథీట్రస్ట్ సైట్లో శుభ్రంగా ఉంటుంది, కానీ చాలా పుస్తకాలు మొత్తంగా దించుకోవాలంటే సభ్య సంస్థ లాగిన్ అడుగుతుంది. అక్కడ సంపుటం పోల్చుకుని ఇక్కడ దించుకోవడం సుఖం. హార్వే ఎంపీగా పనిచేశాడు కాబట్టి హిస్టరీ ఆఫ్ పార్లమెంట్ సైట్లో అతని జీవితం ఉచితంగా ఉంది, 1754-90 విభాగంలో చూడండి. లండన్ క్రిమినల్ కోర్టు పాత విచారణలుండే ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్లో ఈ కేసు కోసం గంటలు పోగొట్టుకోకండి. ఆ కోర్టులో నడవలేదు, అక్కడ ఉండదు. వీలునామాలు బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో 'ప్రాబ్ 11' వరసలో, 1858 దాకా కాంటర్‌బరీ చర్చి కోర్టులో నమోదైనవన్నీ ఉంటాయి. డ్యూక్ వీలునామాని 1773 ఏడాదితో, పియర్‌పాంట్ ఇంటిపేరుతో వెతకాలి, కింగ్‌స్టన్ అని మాత్రమే కాదు.

దోషిగా తేలినా ఆస్తి ఆమె దగ్గరే ఉండిపోయింది, భార్య అన్న హోదా మీదే ఆధారపడకుండా, ఫలానా మనిషికని గుర్తుపట్టేలా డ్యూక్ రాసిపెట్టాడు మరి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రష్యా మహారాణి కేథరిన్ కొలువుకి వెళ్ళింది, ఇప్పటి ఎస్తోనియాలోని నార్వా దగ్గర ఎస్టేటు కొని చడ్లీ అని పేరు పెట్టుకుంది, 1788 ఆగస్టులో పారిస్‌లో పోయింది. భూములు కేసు పెట్టిన ఈవ్‌లిన్‌కి కాకుండా అతని తమ్ముడు చార్లెస్ మెడోస్‌కి వెళ్ళాయి. చార్లెస్ పియర్‌పాంట్ అని పేరు మార్చుకుని, 1806లో ఎర్ల్ మాన్వర్స్ అయ్యాడు. అందుకే డ్యూక్ కుటుంబ కాగితాలు నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం క్యాటలాగులో కావాలంటే మాన్వర్స్ అని కొట్టాలి.